నిద్రలో పాప ఊపిరి ఆగి ఆగి వస్తోంది, భయపడాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి అయిదో వారం నడుస్తోంది. నెలలు నిండాకే పుట్టింది, పాలు బాగానే తాగుతోంది. రాత్రి నిద్రపోతున్నప్పుడు చూస్తుంటే కాసేపు గబగబా ఊపిరి తీస్తుంది, ఉన్నట్టుండి ఆపేస్తుంది. నా ప్రాణం పైకే పోతుంది. కదుపుదామని చెయ్యి చాపేలోగా మళ్లీ తీసుకుంటుంది. ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె పరుగులు పెడుతున్నట్టే ఉంది. ఇంట్లో వాళ్లు ‘పసిపిల్లలు అంతే’ అంటున్నారు. నాకు మాత్రం కంటి మీద కునుకు లేదు.
– పేరు వేయవద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి ఇది ఈ వయసు పిల్లల్లో తరచుగా కనిపించే ఊపిరి తీరే. డాక్టర్లు దీన్ని పీరియాడిక్ బ్రీతింగ్ అంటారు. ‘పసిపిల్లలు అంతే’ అన్న మాట అబద్ధం కాదు. కానీ అర్ధరాత్రి బిడ్డ పక్కన మేలుకుని కూర్చున్న తల్లికి ఆ ఒక్క మాట చాలదు. ఎందుకలా ఉంటుందో, ఎంతవరకు పర్వాలేదో తెలిస్తేనే టెన్షన్ తగ్గుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఊపిరి తీయమని ఒంటికి చెప్పేది మెదడు అడుగుభాగం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంత పేరుకుందో కనిపెట్టి, దాన్ని బట్టి ఊపిరిని నడిపిస్తుంది. పసిబిడ్డలో ఈ ఏర్పాటు ఇంకా పూర్తిగా కుదురుకోదు. నాలుగు ఊపిరులు గబగబా తీసేసరికి కార్బన్ డయాక్సైడ్ కొంచెం తగ్గుతుంది. ఆ కొంచెం తగ్గుదలకే ఊపిరి ఆగుతుంది. కొన్ని సెకన్లలో అది మళ్లీ పేరుకుంటుంది, ఊపిరి మళ్లీ మొదలవుతుంది. మీరు చూస్తున్న ‘గబగబా, ఆగడం, మళ్లీ గబగబా’ ఇదే. ఆగినప్పుడు సాధారణంగా 5 నుంచి 10 సెకన్లు ఉంటుంది. వాచీలో అది చిన్న సమయమే అయినా చూసే తల్లికి ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు తెలుసు. వారాలు గడిచేకొద్దీ ఇది తగ్గుతూ వస్తుంది. ఆరు నెలలు వచ్చేసరికి చాలామందిలో కనిపించదు.

ఈసారి పాప నిద్రపోయేటప్పుడు భయంతో కాకుండా ఒక గంట ఊరికే గమనించండి. మొదట్లో మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ కదులుతుంటాయి. పెదాలు పాలు తాగుతున్నట్టు ఆడతాయి, నుదురు ముడిపడుతుంది, వేళ్లు ఉలిక్కిపడతాయి, కారణం లేకుండా ఒక నవ్వు వచ్చి పోతుంది. పుట్టిన కొత్తలో నిద్రలో దాదాపు సగం ఇలాంటిదే. ఈ దశలో ఊపిరి ఒక తీరున ఉండదు, గుండె వేగం కూడా ఎక్కువ తక్కువలు అవుతుంటుంది. కాసేపటికి ముఖం తేరుకుంటుంది, చేతులు వదులవుతాయి, ఊపిరి సమంగా సాగుతుంది. అది గాఢనిద్ర. ఈ రెండూ కలిసిన ఒక చుట్టు సుమారు 50 నుంచి 60 నిమిషాలు. కలలు వచ్చే ఆ కనుగుడ్ల కదలికల నిద్రను యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లీట్‌మన్ 1953లో లోకానికి తెలియజేశారు. అసెరిన్‌స్కీ పని మొదలుపెట్టింది కూడా నిద్రపోతున్న పసిపిల్లల కళ్లను గమనిస్తూనే. మీరు రాత్రుళ్లు చూస్తున్నది ఆయన చూసినదే.

ఇంకో సంగతి. పసిపిల్లలు పొట్టతో ఊపిరి తీస్తారు, వాళ్ల పక్కటెముకలు మెత్తగా ఉంటాయి. కళ్లు కదిలే నిద్రలో పక్కటెముకల మధ్య కండరాలు వదులవుతాయి కాబట్టి పొట్ట పైకి లేచినప్పుడు ఛాతీ కొద్దిగా లోపలికి పోయినట్టు అనిపించవచ్చు. అది వేరు, డొక్కలు ఎగరేయడం వేరు. ప్రతి ఊపిరికీ పక్కటెముకల కింద గుంట పడుతూ, మేలుకున్నప్పుడు కూడా అలాగే ఉంటే అది ఆయాసమే, ఆలస్యం చేయకూడదు.

గుండె సంగతి. పసిబిడ్డ గుండె చిన్నది, ఒక్కో దెబ్బకు పంపే రక్తాన్ని పెద్దగా పెంచలేదు. ఒంటికి కావలసినంత రక్తం అందించడానికి వేగంగా కొట్టుకోవాల్సిందే. మేలుకుని ఉన్నప్పుడు నిమిషానికి 100 నుంచి 180 వరకు, ఏడుస్తుంటే ఇంకా పైకి కూడా వెళ్తుంది. నిద్రలో 90 నుంచి 160 మధ్య ఉంటుంది. పుట్టినప్పటికంటే నెల వయసులో గుండె వేగం కొంచెం పెరిగి, అక్కడి నుంచి మెల్లగా దిగుతుంది. మీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ ఎక్కువ వేగంలోనే ఉంది. మన గుండె 70, 80 కొట్టుకోవడం మనకు అలవాటు కాబట్టి చేతికింద 140 పరుగులా అనిపిస్తుంది. ఊపిరి లోపలికి తీసినప్పుడు గుండె కాస్త వేగం అందుకుని, వదిలినప్పుడు నెమ్మదించడం కూడా మామూలే.

ఊపిరి లెక్కపెట్టే పద్ధతి నేర్చుకోండి, ఇది ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలని నా గట్టి కోరిక. పాప నిద్రపోతున్నప్పుడో, మేలుకున్నా ప్రశాంతంగా ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి పొట్ట మీద చూపు పెట్టండి. పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి. సెకన్ల ముల్లు చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించడం పెద్దవాళ్లకు సరే, ఇక్కడ పనికిరాదు. ఊపిరి ఆగిన ముక్కలో చూస్తే ఆరు వస్తుంది, గుణిస్తే 24 అంటారు. గబగబా తీసిన ముక్కలో చూస్తే 17 వస్తుంది, 68 అని బెంబేలు పడతారు. రెండూ ఒకే పాపవి, ఒకే నిమిషంలోవి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా ఆ పైన వస్తే కొద్దిసేపు ఆగి మళ్లీ లెక్కపెట్టండి. రెండోసారి కూడా అంతే ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించాలి. రెండు నెలలు దాటి ఏడాది లోపు అయితే ఆ హద్దు 50. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులు ఇవి.

ఇక నిజంగా భయపడాల్సినవి. ఊపిరి 20 సెకన్లు, అంతకుమించి ఆగడం. తక్కువసేపే ఆగినా నాలుక, పెదాల లోపలి వైపు నీలంగానో బూడిదరంగులోనో మారడం. పాప వేలాడిపోయినట్టు మెత్తబడటం. ఊపిరి వదిలిన ప్రతిసారీ మూలగడం, ముక్కుపుటాలు అదరడం, పాలు తాగకపోవడం, లేపినా లేవకపోవడం. ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగొద్దు. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా అంతే. రంగు చూసేటప్పుడు మాత్రం చేతులూ కాళ్లూ చూసి కంగారు పడకండి. కాస్త చలికే కొత్త పిల్లల అరచేతులు, పాదాలు నీలంగా అవుతాయి. నోటి లోపలి రంగే సరైన గుర్తు, చామనఛాయ పిల్లల్లో మరీను.

ఊపిరి ఆగి ఇంకా అందుకోలేదని అనిపిస్తే పేరు పెట్టి పిలవండి, అరికాలు గట్టిగా రుద్దండి. ఎత్తి ఊపేయకండి, ఆ ఊపుకి పసిమెదడు దెబ్బతింటుంది. రుద్దినా ఊపిరి రాకపోతే నోటితో ఊపిరి అందిస్తూ, ఇంకొకరి చేత అత్యవసర సహాయానికి ఫోన్ చేయించాలి. ఆ పద్ధతి చదివి వచ్చేది కాదు. ఆసుపత్రిలో నర్సును అడిగి బొమ్మ మీద చేసి నేర్చుకోండి.

మీ పాపను నేను చూడలేదు కాబట్టి ఒక మాట. ఆ ఆగి ఆగి వచ్చే ఊపిరిని ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీసి, ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుకు చూపించండి. నోటితో చెప్పే పది మాటల కంటే మాకు అదే ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: బాబుకి రెండు నెలలు. కాలికి సాక్సులా తొడిగే మానిటర్ కొన్నాం. నిద్రలో గుండె వేగం 150 నుంచి 105కి పడిపోతోంది. ఒక రాత్రి అలారం మోగితే పరుగెత్తుకెళ్లాను, వాడు హాయిగా నిద్రపోతున్నాడు. ఇప్పుడు రాత్రంతా ఫోన్ చూస్తూ ఉంటున్నాను.
– ఒక తండ్రి

జవాబు: గాఢనిద్రలో 105 మామూలే. అది పడిపోవడం కాదు, విశ్రాంతి. బాబు కాలు ఆడించినా, సాక్సు జారినా అలారం మోగుతుంది. అమెరికాలో వెయ్యి మందికి పైగా పసిపిల్లలను ఇళ్లలోనే మానిటర్లతో గమనించిన పరిశోధన 2001లో వచ్చింది. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన పిల్లల్లో కూడా ఊపిరి, గుండె అలారం హద్దు దాటడం చాలా మామూలని అందులో తేలింది. నిద్రలో హఠాత్తుగా పిల్లలు చనిపోవడాన్ని ఇంటి మానిటర్లు ఆపుతాయనడానికి ఆధారం లేదు. అందుకే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఆ ఉద్దేశంతో వీటిని వాడమని చెప్పదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు డాక్టరు రాసిచ్చిన మానిటర్ సంగతి వేరు, దాన్ని సొంతంగా తీసేయకండి. పెద్దవాళ్ల వేలికి పెట్టే ఆక్సిమీటర్‌ను బిడ్డ వేలికి పెట్టి చూడటం కూడా వద్దు, తప్పు అంకెలు చూపిస్తుంది.

ప్రాణాలు కాపాడిన పని చాలా చిన్నది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టడం. అమెరికాలో 1992లో డాక్టర్లు బిడ్డను బోర్లా పడుకోబెట్టొద్దని సలహా ఇచ్చి, 1994లో పెద్ద ప్రచారం చేశాక ఆ దశాబ్దంలోనే ఈ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. బోర్లా పడుకున్న బిడ్డ వదిలిన గాలినే మళ్లీ పీల్చే ప్రమాదం ఉంది, ఊపిరి ఇబ్బంది అయినప్పుడు మెలకువ కూడా తొందరగా రాదు. పడక గట్టిగా, చదునుగా ఉండాలి. దిండు, మెత్తటి బొమ్మలు, వదులు దుప్పటి వద్దు. మీ గదిలోనే, తన పడక మీద. ఇంట్లో పొగతాగడం అసలే వద్దు. ఇవన్నీ చేస్తుంటే, రాత్రి ఆ ఫోన్ పక్క గదిలో పెట్టి మీరూ పడుకోండి. నిద్రలేని తండ్రి బిడ్డను ఒళ్లో పెట్టుకుని సోఫాలో కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదం.

ప్రశ్న: మనవడికి మూడు వారాలు. జలుబు లేదు, అయినా నిద్రలో ముక్కు గురగురమంటుంది. చూపించాలా?
– ఒక నానమ్మ

జవాబు: ఈ వయసు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు, ఆ దారి సన్నగా ఉంటుంది. కొంచెం తడి ఉన్నా శబ్దం వస్తుంది. పాలు తేలిగ్గా తాగుతూ, నిద్రపోతూ, బరువు పెరుగుతుంటే ఏమీ చేయనక్కర్లేదు. పాలు పట్టే ముందు ముక్కు మూసుకుపోయినట్టు ఉంటే సెలైన్ చుక్కలు ఒకటి రెండు వేస్తే చాలు. పాలు తాగుతూ మధ్యలో ఆయాసంతో వదిలేస్తుంటే మాత్రం తప్పకుండా చూపించండి.