ఎర్లీ డెసిషన్ సంతకానికి ముందు

చిరంజీవి చిట్టికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

బిజినెస్ డిగ్రీకి ఎక్కడెక్కడ దరఖాస్తు వేయాలో నువ్వు పంపిన పట్టిక చూశాను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం (పెన్) వార్టన్, న్యూయార్క్ విశ్వవిద్యాలయం స్టెర్న్, మిషిగన్ రాస్, ఇండియానా కెల్లీ, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం మెక్‌కూంబ్స్, జార్జ్‌టౌన్, బర్క్‌లీ హాస్... అన్నిటి పక్కనా ప్రవేశాల శాతాలు శ్రద్ధగా రాశావు. ఖర్చు గడి మాత్రం ఖాళీగా ఉంది. ముందు నింపాల్సింది అదే.

ఎర్లీ డెసిషన్ అంటే ఒకే కాలేజీకి ముందుగా దరఖాస్తు వేసి, సీటు వస్తే అక్కడే చేరతానని మాట ఇవ్వడం. నువ్వు, అమ్మానాన్నల్లో ఒకరు, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెడతారు. డిసెంబరు మధ్యలో సీటు వస్తే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. ఆర్థిక సహాయం బొత్తిగా చాలకపోతే ఆ ఒప్పందం నుంచి విడిపిస్తారు, నిజమే. కానీ ఫలానా కాలేజీ తక్కువకు ఇస్తోందని చెప్పి అడిగే వీలుండదు, ఆ కాలేజీ ఉత్తరం అప్పటికింకా నీ చేతికి రాదు కనుక. ఇంకే ఉత్తరమూ చూడకుండా ఆ ఒక్క సీటు తీసుకుని మీ ఇంట్లో నలుగురూ నిశ్చింతగా ఉండగలరా? ఉండగలిగితేనే సంతకం పెట్టు.

పెన్ విశ్వవిద్యాలయంలో ఏడాదికయ్యే మొత్తం ఖర్చు 90,000 డాలర్లు దాటింది. పెన్ కూడా ఉన్న ఐవీ లీగ్ కాలేజీల్లో మార్కులను బట్టి, ప్రతిభను బట్టి ఇచ్చే స్కాలర్‌షిప్పులు లేవు, కుటుంబ అవసరాన్ని బట్టే సహాయం. మన ఇళ్లలో చాలామంది ‘మాకెలాగూ రాదు’ అనుకుని లెక్క కూడా వేయరు. అది సరికాదు. పెన్ 2025-26 నుంచి 2,00,000 డాలర్ల వరకు ఆదాయమున్న, ఆ స్థాయికి మామూలుగా ఉండే ఆస్తులే ఉన్న కుటుంబాలకు పూర్తి ట్యూషన్‌కు సరిపడా స్కాలర్‌షిప్ ఇస్తామంది. సొంతింటి విలువనూ లెక్కలోంచి తీసేసింది. మీ అమ్మానాన్నల జీతాలు కలిపితే ఆ గీతకు ఇటుంటాయో అటుంటాయో నాకంటే మీకే తెలుసు. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది. గత ఏడాది టాక్స్ రిటర్ను దగ్గర పెట్టుకుని నింపితే మీ వాటా ఎంతో దాదాపుగా తెలుస్తుంది. తెనాలి స్థలం అమ్మేద్దామని మీ నాన్న అంటారు, ఆయన మనసు నాకు తెలుసు. అంతదాకా రాకముందే లెక్క చూడండి. తమ్ముడు కూడా నాలుగేళ్లలో కాలేజీకి వస్తాడు.

హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్న నీ స్నేహితురాలి లెక్క వేరు. పెన్ ఆ అమ్మాయిని అంతర్జాతీయ విద్యార్థిగానే చూస్తుంది, సహాయం అడిగితే ఆ సంగతి ప్రవేశ నిర్ణయంలోకి వస్తుంది. మీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి నీకు ఆ ఇబ్బంది లేదు. మీ ఇద్దరూ ఒకే పట్టిక పెట్టుకోవద్దు.

ఇక ఆ శాతాల సంగతి. పెన్ తన సీట్లలో దాదాపు సగం ఎర్లీ డెసిషన్‌లోనే నింపుతుంది కనుక తొందరగా వేస్తే మేలన్నది అబద్ధం కాదు. అయితే ఆ రౌండులోనే క్రీడల ద్వారా ముందే ఎంపికైన వాళ్లు, పూర్వ విద్యార్థుల పిల్లలు కూడా ఉంటారు. వాళ్లను పక్కన పెడితే టెక్సస్‌లో చదివే మామూలు తెలుగమ్మాయికి ఎర్లీ డెసిషన్ శాతానికీ, తర్వాత వచ్చే రెగ్యులర్ రౌండు శాతానికీ మధ్య పైకి కనిపిస్తున్నంత తేడా ఉండదు. ఆ తేడా కోసం మనసు లేని చోట మాట ఇవ్వడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు.

నీ మనసు వార్టన్ మీదే ఉండి, లెక్క కూడా కుదిరితే దారి ఇలా ఉంటుంది. నవంబరు 1లోగా అక్కడ ఎర్లీ డెసిషన్ వెయ్యి. దానితో పాటు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఎర్లీ యాక్షన్‌లో వేసుకోవచ్చు. అదీ ముందస్తు దరఖాస్తే కానీ కట్టిపడేయదు. ఆస్టిన్ గడువు అన్నిటికంటే ముందు, అక్టోబరు 15. 2026 ప్రవేశాల నుంచి టెక్సస్ స్కూళ్లలో క్లాసు ర్యాంకు పై 5 శాతంలో ఉన్నవాళ్లకే ఆస్టిన్‌లో నేరుగా సీటు. అది కూడా విశ్వవిద్యాలయంలో సీటే, మెక్‌కూంబ్స్‌లో కాదు. అందువల్ల నీ ర్యాంకు చూసి అమ్మ నిశ్చింతగా ఉండకూడదు, వ్యాసాలు బాగా రాయాల్సిందే. సొంత రాష్ట్రం ఫీజుతో మెక్‌కూంబ్స్ దొరికితే వార్టన్‌కయ్యే దాంట్లో సగం కూడా కాదు. ఈ మాట మీ నాన్న ముందు గట్టిగా చదువు. కెల్లీ, రాస్ రెండూ నవంబరు 1. కెల్లీ ఉన్న ఇండియానా విశ్వవిద్యాలయం ప్రతిభా స్కాలర్‌షిప్పులకు కూడా అదే గడువు. రాస్‌కు విడిగా ఒక పోర్ట్‌ఫోలియో అడుగుతారు. ఉగాది వేడుకల టికెట్ల లెక్కలు రెండేళ్లు నువ్వే చూశావు కదా, ఎక్కడ డబ్బు కారిపోతోందో కనిపెట్టి ఎలా సరిచేశావో రాయి. పోటీల్లో గెలిచిన కప్పుల కంటే అది నిన్ను బాగా చూపిస్తుంది.

జార్జ్‌టౌన్ దగ్గర జాగ్రత్త. వాళ్లది ఎర్లీ యాక్షనే అయినా, మరో చోట ఎర్లీ డెసిషన్ వేసినవాళ్లను అందులోకి రానివ్వరు. వార్టన్‌కు వేస్తే జార్జ్‌టౌన్‌ను రెగ్యులర్‌కు మార్చుకో. బర్క్‌లీకి ముందస్తు రౌండే లేదు, దాని సంగతి నవంబరు 1 గడువులు అయిపోగానే చూసుకో.

వార్టన్ తిప్పి పంపినా, డిఫర్ చేసినా (అంటే నిర్ణయాన్ని రెగ్యులర్ రౌండుకు వాయిదా వేసినా) నీ మాట అక్కడితో తీరిపోతుంది. స్టెర్న్‌కు రెండో విడత ఎర్లీ డెసిషన్ ఉంది, గడువు జనవరి 1. ఏడుస్తూ ఆ వారంలోనే దానికి సంతకం పెట్టొద్దు. మాన్‌హట్టన్ నడిబొడ్డున, గేటూ ప్రహరీ లేని కాలేజీలో నాలుగేళ్లు ఉండటం నీకు నచ్చుతుందో లేదో సెప్టెంబరులోనే చూసుకో. మా ఇంటి నుంచి రైల్లో గంట ప్రయాణం, నేను తీసుకెళ్తాను. పెన్ ఉన్న ఫిలడెల్ఫియా కూడా ఆ వారమే చూద్దాం.

వచ్చే ఆదివారం మీ అమ్మానాన్నలిద్దరినీ కంప్యూటర్ ముందు కూర్చోమను. నేనూ ఫోనులో ఉంటాను. పెన్, న్యూయార్క్, ఆస్టిన్ మూడింటి క్యాలిక్యులేటర్లు వరసగా నింపుదాం. నింపాక ఆ ఖాళీ గడితో సహా పట్టిక మళ్లీ నాకు పంపు.

ప్రేమతో,
పెద్దమ్మ