ఇన్నేళ్లూ వేసుకున్న ‘గుండె మాత్ర’ ఇప్పుడెందుకు ఆపమన్నారు?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. చాలా ఏళ్లుగా బీపీ ఉంది. గుండెపోటు, పక్షవాతం ఎప్పుడూ రాలేదు, స్టెంట్ లేదు, షుగర్ లేదు. గుండెకు రక్షణగా ఉంటుందని మా కాలనీ ఫ్యామిలీ డాక్టర్ అప్పట్లో ఎకోస్ప్రిన్ 75 రాశారు, రోజూ రాత్రి వేసుకుంటున్నారు. పోయిన నెల రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తగ్గింది. అది చూసి అదే డాక్టర్ ‘కొత్త పరిశోధనల ప్రకారం మీకు ఈ మాత్ర అక్కర్లేదు’ అని ఆపేశారు. రెండు బీపీ మాత్రల బదులు రెండూ కలిసిన ఒకే మాత్ర ఇచ్చారు. ఇంట్లో బీపీ మిషన్‌తో చూసుకుని రీడింగులు వాట్సాప్‌లో పంపమన్నారు. డాలస్‌లో ఉండే మా తమ్ముడు ‘ఆయన నాన్న మీద ప్రయోగం చేస్తున్నాడేమో, పెద్ద హాస్పిటల్లో కార్డియాలజిస్ట్‌కి చూపించు’ అంటున్నాడు. నాన్నగారికి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మిగిలిపోయిన స్ట్రిప్పులు పారేయడం ఎందుకని మా అమ్మ వేసుకుంటోంది. ఆవిడకు గుండె జబ్బేమీ లేదు, మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంటుంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీ డాక్టర్‌గారు చేసింది సరైన పనే. అది ప్రయోగం కాదు. ఆ మాట నాన్నగారికి ముందుగా చెప్పండి.

ఇది చదివే మిగతావాళ్లకు మాత్రం ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు, బైపాస్ అయినవాళ్లు, మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చినవాళ్లు ఈ జవాబు చూసి ఆస్పిరిన్ (ఎకోస్ప్రిన్‌లో ఉండే మందు ఇదే) ఆపకూడదు. వాళ్లకు అది ప్రాణాధారమైన మందు. స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపేస్తే అందులో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. నేను చెప్పబోయేదంతా ఇంతవరకూ అలాంటి జబ్బేదీ రాని పెద్దవాళ్ల గురించి.

మీ డాక్టర్ మాట ఎందుకు మారింది? రక్తంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటేనే గడ్డ తయారవుతుంది. ఆస్పిరిన్ ఆ అతుక్కునే గుణాన్ని తగ్గిస్తుంది. గుండె రక్తనాళంలో గడ్డ ఏర్పడకపోతే అది మేలు. కానీ అదే మందు కడుపు లోపలి పొరను కాపాడే పదార్థాలను కూడా తగ్గిస్తుంది. అక్కడ చిన్న పుండు పడితే రక్తం ఓ పట్టాన ఆగదు. అంటే మేలూ కీడూ ఒకే మాత్రలో ఉన్నాయి. ఎవరికి ఏది ఎక్కువ అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మనుషుల మీద జరిగిన అధ్యయనాల్లోనే దొరుకుతుంది.

1989లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. అందులో 22 వేల మంది పాల్గొన్నారు, అందరూ మగ డాక్టర్లే. ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో మొదటి గుండెపోటు 44 శాతం తగ్గింది. ప్రపంచమంతటా డాక్టర్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా ఈ మాత్ర రాయడానికి బలమైన కారణాల్లో అదొకటి. అప్పటికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల వాడకం ఇంత లేదు, బీపీని ఇంత గట్టిగా అదుపు చేసే పద్ధతీ లేదు. ఇప్పుడు ఆ రెండూ ఉన్నాయి కాబట్టి ఆస్పిరిన్ వల్ల అదనంగా దక్కే మేలు తగ్గిపోయింది. వయసుతో పాటు పెరిగే రక్తస్రావం ముప్పు మాత్రం అలాగే ఉండిపోయింది.

2018లో వచ్చిన ‘ఆస్ప్రీ’ అధ్యయనం ఈ లెక్కను తేల్చింది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో గుండె జబ్బు లేని 19,114 మంది పెద్దవాళ్లలో సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతా సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. దాదాపు అందరూ 70 దాటినవాళ్లే. అయిదేళ్లకు కాస్త తక్కువ కాలం గమనించారు. గుండె జబ్బుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం మందు లేని గుంపులో వెయ్యికి 28 మందికి వస్తే, ఆస్పిరిన్ గుంపులో 38 మందికి వచ్చాయి. ఆ మరుసటి ఏడాదే అమెరికా గుండె వైద్య సంఘాలు 70 దాటిన ఆరోగ్యవంతులకు దీన్ని మామూలుగా రాయవద్దని మార్గదర్శకాలు మార్చాయి. 2023లో అదే అధ్యయనం నుంచి ఇంకో సంగతి బయటపడింది. ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో రక్తహీనత 20 శాతం ఎక్కువ. రోజూ కనపడకుండా కొద్దికొద్దిగా పోయే రక్తం అందుకు కారణం కావచ్చు. నాన్నగారి హిమోగ్లోబిన్ చూడగానే డాక్టర్‌కు ఇదే తట్టి ఉంటుంది.

ఆస్ప్రీలో పాల్గొన్నవాళ్లలో భారతీయులు ఎంతమంది అని మీ తమ్ముడు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మనవాళ్లకు గుండె జబ్బులు చిన్న వయసులోనే వస్తాయి కాబట్టి, యాభైల్లో ఉండి షుగరు, పొగతాగే అలవాటు ఉన్న మనిషి విషయంలో డాక్టర్ వేరేగా ఆలోచించవచ్చు. కానీ 72 ఏళ్లు, తగ్గిన హిమోగ్లోబిన్, ఇంతవరకూ గుండె జబ్బు లేకపోవడం... ఈ మూడూ కలిసిన మనిషికి ఆస్పిరిన్ వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువని నా అభిప్రాయం కూడా.

ఒక విషయంలో మాత్రం మీరు ఆగిపోకూడదు. 72 ఏళ్ల మనిషికి హిమోగ్లోబిన్ తగ్గితే ఆస్పిరిన్ వల్లే అనుకుని వదిలేయడం మంచిది కాదు. ఐరన్, బి12 పరీక్షలు, మలంలో రక్తం పరీక్ష చేయించండి. వాటిని బట్టి డాక్టర్ ఎండోస్కోపీ, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో కడుపు, పెద్దపేగు లోపల చూసే పరీక్షలు) సూచిస్తే భయపడి వాయిదా వేయకండి. ఈ వయసులో పేగుల్లో కణితుల వల్ల కూడా ఇలా నెమ్మదిగా రక్తం పోతుంది. తొందరగా పట్టుకుంటే వైద్యం సులువవుతుంది.

ఇక మీ తమ్ముడి అనుమానం. కాలనీ క్లినిక్‌లో కూర్చునే డాక్టర్‌కు, పరిశోధనకు సంబంధం ఏమిటన్నది చాలామంది మనసులో ఉండే మాటే. 1961లో కెర్ వైట్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఒక లెక్క ప్రచురించారు. వెయ్యి మంది పెద్దవాళ్లను తీసుకుంటే, ఒక నెలలో 750 మందికి ఏదో ఒక అనారోగ్యం వస్తుంది. వాళ్లలో 250 మంది డాక్టర్ దగ్గరికి వెళ్తారు. తొమ్మిది మంది హాస్పిటల్లో చేరతారు. యూనివర్సిటీ హాస్పిటల్ దాకా చేరేది ఒక్కరు. వైద్య విద్య, పరిశోధన ఎక్కువగా ఆ ఒక్కరి చుట్టూనే తిరుగుతున్నాయి, మిగతావాళ్ల సంగతేమిటని వాళ్లు అడిగారు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ పూర్తి జవాబు రాలేదు. హైదరాబాద్‌లో ఇన్ని కార్పొరేట్ హాస్పిటళ్లున్నా, జ్వరానికి, బీపీకి, షుగర్‌కి మనం ముందు వెళ్లేది వీధి చివరి క్లినిక్‌కో, బస్తీ దవాఖానాకో కదా! అక్కడికి వచ్చే మనుషుల మీద జరిగిన అధ్యయనమే వాళ్లకు నిజంగా పనికొస్తుంది. ఆస్ప్రీ విలువ కూడా అక్కడే ఉంది. ఆస్ట్రేలియాలో అందులో చేరినవాళ్లను చేర్పించింది రెండు వేలకు పైగా ఫ్యామిలీ డాక్టర్లు, తమ దగ్గరికి మామూలుగా వచ్చే పేషెంట్లలోంచే.

బీపీ విషయంలోనూ దారి చూపింది ఒక ఫ్యామిలీ డాక్టరే. బ్రిటన్‌లోని వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగనుల ఊళ్లో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్, జబ్బని వచ్చినవాళ్లకే కాకుండా తన దగ్గర నమోదైన పెద్దవాళ్లందరికీ బీపీ చూశారు. ‘వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతోంది’ అని 1971లో రాసింది కూడా ఆయనే. వైద్య విద్యార్థులకు ఆయన గురించి పాఠంగా చెప్పాలని నేను కోరుకుంటాను.

అసలు ప్రయోగం అంటే ఏమిటో కూడా మీకు తెలియాలి. మన దేశంలో ఎవరి మీదైనా కొత్త మందు పరీక్షించాలంటే ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్ల భద్రత, హక్కులు చూసే సంఘం) అనుమతి కావాలి. మీకు అర్థమయ్యే భాషలో వివరించి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. ఆ ట్రయల్‌ను జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, ఇది 2009 నుంచీ తప్పనిసరి. వద్దనుకుంటే మధ్యలో ఎప్పుడైనా బయటికి రావచ్చు. మీ డాక్టర్ చేసింది ఇందులో ఏదీ కాదు. వేరేచోట పరీక్షించి తేల్చిన విషయాన్ని మీ నాన్నగారికి వర్తింపజేశారు, అంతే. ఒక పరిశోధన ఫలితం మామూలు పేషెంట్ దాకా రావడానికి సగటున 17 ఏళ్లు పడుతుందని వైద్యరంగంలో తరచూ చెప్పే లెక్క. 2018 నాటి విషయం ఇప్పటికే మీ ఇంటికి చేరిందంటే మీ డాక్టర్ చదువుకుంటున్నారన్నమాట.

రెండు మాత్రలను ఒకటిగా చేయడానికీ ఆధారం ఉంది. శ్రీలంకలో 700 మందితో చేసిన అధ్యయనంలో, మూడు బీపీ మందులను తక్కువ డోసుల్లో కలిపిన ఒకే మాత్ర వాడినవాళ్లలో ఆరు నెలలకు 70 శాతం మంది బీపీ అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యంలో అది 55 శాతమే. అక్కడ వాడింది మూడు మందుల మాత్ర, నాన్నగారిది రెండు మందులది. అయినా సూత్రం ఒకటే: మాత్రల సంఖ్య తగ్గితే మర్చిపోవడం తగ్గుతుంది. పాత రెండు మాత్రలు ఇంట్లో ఉంటే తీసి పక్కన పెట్టండి. పొరపాటున అవీ ఇవీ కలిపి వేసుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

ఇంట్లో రీడింగులు తీయమనడం గురించి బ్రిటన్‌లో 142 ఫ్యామిలీ క్లినిక్‌లు కలిసి 1,182 మందిపై చేసిన అధ్యయనం ఉంది. పేషెంట్ ఇంట్లో రాసుకున్న అంకెలను చూసి డాక్టర్ మందు సర్దితే, ఏడాది తర్వాత పై బీపీ మామూలు వైద్యం కన్నా మూడున్నర పాయింట్లు తక్కువగా ఉంది. ఫోన్ ద్వారా పంపే పద్ధతిలో దాదాపు అయిదు పాయింట్లు తక్కువ. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ ఏళ్ల తరబడి అలా ఉంటే పక్షవాతం ముప్పు తగ్గుతుంది. అయితే సరిగ్గా కొలిస్తేనే. మణికట్టుకు పెట్టుకునేది కాకుండా, మోచేతికి పైన చుట్టే మిషన్ కొనండి. కాఫీ తాగాక అరగంట ఆగాలి. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద ఆనించి, అయిదు నిమిషాలు మాటలు లేకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి, ఎక్కువగా ఉన్నదాన్ని కొట్టేయకూడదు. పొద్దున మందు వేసుకునే ముందు, రాత్రి పడుకునే ముందు చూస్తే చాలు. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క. టెన్షన్‌తో గంటకోసారి చూసుకుంటే అంకెలు పెరుగుతాయే తప్ప ఉపయోగం లేదు, నాన్నగారికి ఇది గట్టిగా చెప్పండి.

కొత్తది అన్నదల్లా మంచిదని నేను అనడం లేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, గుండె జబ్బు ముప్పు ఉన్నవాళ్లను గుర్తించి డాక్టర్ దగ్గరికి పంపే పద్ధతిని 18 పీహెచ్‌సీల పరిధిలో పరీక్షించారు. ఎంతో ఆశ పెట్టుకున్న ఆలోచన అది. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో మాత్రం అనుకున్నంత తేడా రాలేదు. ఆ సంగతిని దాచకుండా 2019లో ప్రచురించారు. అలా చెప్పినందుకు వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. మందుల కంపెనీ కరపత్రంలో ఇలాంటి ఫలితం మీకెప్పుడూ కనిపించదు.

మీ ఇంటికి దగ్గర్లోనే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పాలుపంచుకున్న పని ఒకటి ఉంది. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో, కొన్నిచోట్ల గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వాళ్లయ్యాక చూస్తే, వాళ్ల రక్తనాళాలు మిగతా ఊళ్ల పిల్లల కన్నా మృదువుగా ఉన్నాయి. మన మనుషుల మీద, మన ఊళ్లలో జరిగిన ఇలాంటి పరిశోధనలు ఇంకా చాలా రావాలి. అవి రావాలంటే వీధి క్లినిక్‌లు కూడా అందులో చేరాలి.

కార్డియాలజిస్ట్‌కి చూపించాలా అంటే, మీ మనశ్శాంతి కోసం ఒకసారి చూపిస్తే తప్పులేదు. నడిస్తే ఛాతీ బరువెక్కడం, ఆయాసం, గుండెదడ, ఒక్కసారిగా కళ్లు బైర్లు కమ్మడం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా వెళ్లాలి. వెళ్లేటప్పుడు పాత ప్రిస్క్రిప్షన్లు, హిమోగ్లోబిన్ రిపోర్టు, బీపీ పుస్తకం తీసుకెళ్లండి. లేకపోతే అక్కడ ఎవరో ఆస్పిరిన్ మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉంది. మీ తమ్ముణ్ని ఒకసారి వీడియో కాల్‌లో డాక్టర్‌గారితో నేరుగా మాట్లాడమనండి. ‘ఆ పరిశోధన ఏ వయసువాళ్ల మీద జరిగింది, మా నాన్నకు లాభమెంత, నష్టమెంత’ అని అడగడంలో అమర్యాద ఏమీ లేదు.

అమ్మగారి సంగతి వీటన్నిటికన్నా తొందరది. గుండె జబ్బేమీ లేదన్నారు, ఏ డాక్టరూ రాయలేదు కాబట్టి ఆ ఆస్పిరిన్ ఈ రోజే మాన్పించండి. షాపులో తెచ్చుకునే నొప్పి మాత్ర మీద పేరు చూడండి. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫినాక్ లాంటిదైతే, ఆస్పిరిన్‌తో కలిసి కడుపులో పుండు, రక్తస్రావం ముప్పు చాలా పెరుగుతుంది. డాక్టర్‌ను కలిసేవరకూ దాన్ని కూడా ఆపి, కాలేయ జబ్బు లేకపోతే పారాసెటమాల్ వాడవచ్చు. ఆవిడకూ ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం లేదా కాఫీపొడి రంగు కనిపించినా, నిలబడితే తూలిపోతున్నా క్లినిక్ తెరిచేదాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, వెళ్లేటప్పుడు ఆ రెండు స్ట్రిప్పులూ చేతిలో పట్టుకెళ్లండి.