మెషినిస్టా, టూల్ మేకరా... అసలు భయం అదేనా?

ప్రశ్న: మా వాడు టెన్త్ పాసయ్యాడు. ఐటీఐలో మెషినిస్ట్ చేస్తానంటున్నాడు. చుట్టాలేమో ఎంపీసీ, తర్వాత సీఎస్ఈ అంటున్నారు. మెషినిస్ట్, టూల్ అండ్ డై మేకర్... ఏది మంచిది? - ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: మీరడిగింది రెండు ట్రేడ్‌ల తేడా. మీ దిగులు మాత్రం పెళ్లి పత్రికలో వాడి పేరు పక్కన ఏం అచ్చేయించాలన్నదే. అది మీ ఇబ్బంది, పిల్లాడిది కాదు. లెక్కలంటే పారిపోయేవాణ్ణి ఏఐ అని పేరు తగిలించిన బ్రాంచీలో కూర్చోబెడితే నాలుగేళ్ల ఫీజుకు మిగిలేది బ్యాక్‌లాగులే.

మూడు నెలల సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే మెషిన్ల) కోర్సు, ఉద్యోగం గ్యారంటీ అనే బోర్డులనూ నమ్మకండి. అక్కడ కంప్యూటర్ మీద ప్రోగ్రాం కొట్టడం వస్తుంది. వర్క్‌షాపులో ఇన్సర్ట్ (లోహాన్ని కోసే పలుకు) అరిగి 25 మి.మీ. వ్యాసం రావాల్సిన షాఫ్ట్ 25.03కి పెరిగితే, ఆ అరుగుదలను సరిదిద్దే ఎక్స్ వేర్ ఆఫ్‌సెట్‌లో మైనస్ 0.03 ఇవ్వాలి. తొందరలో మైనస్ 0.3 కొట్టాడంటే తర్వాతి ముక్క తుక్కే. కొలిచి, ఆలోచించి, అప్పుడు బటన్ నొక్కే అలవాటు మెషిన్ దగ్గర నిలబడితేనే వస్తుంది.

తేడా అంటారా, రెండూ రెండేళ్ల ట్రేడ్‌లే. మెషినిస్ట్‌కు మిల్లింగ్, గ్రైండింగ్, గేర్ కటింగ్, సీఎన్‌సీ. టూల్ మేకర్ పని ఇంకా సన్నం. 1 మి.మీ. మైల్డ్ స్టీల్ రేకును కోసే డై (అచ్చు)లో, పైనుంచి దిగి రేకును కోసే పంచ్ చుట్టూ ఒక్కో వైపు సుమారు 0.05 మి.మీ. సందు ఉండాలి. తగ్గితే అంచు త్వరగా మొద్దుబారుతుంది, పెరిగితే ముక్కకు బర్ (అంచున గరుకు పొడుచుకు రావడం) వస్తుంది. హార్డెనింగ్‌లో (కాల్చి గట్టిపరచడంలో) ఉక్కు కొంచెం వంకర పోతుంది కాబట్టి తర్వాత గ్రైండింగ్‌లో తీయడానికి ముందే 0.2, 0.3 మి.మీ. అదనంగా వదిలిపెట్టాలి. ఓపిక ఉన్నవాడైతే ఇదే మేలు.

ఇలాంటి డైలు చేసే టూల్‌రూమ్‌లు వరంగల్‌లో తక్కువ. హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల వైపు వెళ్లక తప్పదు. టెన్త్ తర్వాత నాలుగేళ్ల టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా కూడా బాలానగర్ సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో ఉంది. ఐటీఐ చేసినా ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్షతో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో, డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే పరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఆ పెళ్లి పత్రికకు వచ్చిన లోటేం లేదు.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌గా చేర్చేటప్పుడు కాంట్రాక్టు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదైందో లేదో చూడండి. లేకుంటే ఎంత పని చేసినా అది అప్రెంటిస్‌షిప్ లెక్కలోకి రాదు. ఏడాదంతా ఒకే మెషిన్ దగ్గర ముక్కలు పెట్టడం, తీయడమేనా, గ్రైండింగ్‌కూ ఇన్‌స్పెక్షన్‌కూ తిప్పుతారా అని సంతకానికి ముందే అడగండి.