విమానం ఎందుకు కూలిందో రాసుకునే అబ్బాయికి ఏ దారి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి విమానాలంటే పిచ్చి. రాత్రిళ్లు ఏ విమానం ఎక్కడ ఎగురుతోందో ఫోన్‌లో చూస్తుంటాడు. విమాన ప్రమాదాల గురించి ఒక నోట్‌బుక్ నిండా రాసుకున్నాడు. మొన్నటిదాకా ఫైటర్ పైలట్ అవుతానన్నాడు. ఉక్రెయిన్ యుద్ధం వీడియోలు చూశాక ‘ఇక అంతా డ్రోన్లే, పైలట్లతో పని ఉండదు’ అంటున్నాడు. అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత నాకు విమానం మాటెత్తితేనే గుండె దడ. వాళ్ల నాన్నగారు మాత్రం అరెకరం అమ్మైనా పైలట్ ట్రైనింగ్‌కి పంపుదాం అంటున్నారు. బాబుకి రెండేళ్లుగా కళ్లజోడు ఉంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు పొలం సంగతి. కంటి పరీక్ష రిపోర్టు చేతికి వచ్చేదాకా ఆ మాట ఎవరూ ఎత్తొద్దని మీవారితో చెప్పండి. పైలట్ చదువుకి అప్పు చేసి, మెడికల్‌లో ఆగిపోయిన పిల్లల తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చారు. ఆ పరీక్ష మొదటే చేయించి ఉంటే కొన్ని వేలతో పోయేది. వాళ్లకి లక్షలు పోయాయి.

బాబుది దూరపు వస్తువులు సరిగా కనపడక పెట్టిన కళ్లజోడు, అంటే మైనస్ పవర్ అయితే, ఇంటర్ తర్వాత చేరే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ద్వారా వైమానిక దళంలో పైలట్ కావడం కుదరదు. ఫ్లయింగ్ బ్రాంచికి మైనస్ పవర్‌ను అసలు ఒప్పుకోరు. ఈ సంగతి వాడికి ఇప్పుడే, మీ ఇద్దరూ పక్కన కూర్చుని చెప్పండి. బాధపడతాడు, పడనివ్వండి. రెండేళ్లు ఎన్‌డీఏ కోచింగ్ తీసుకుని, రాత పరీక్ష గట్టెక్కి, అధికారులను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ బోర్డు ఐదు రోజుల ఇంటర్వ్యూ కూడా దాటి, ఆఖరికి మెడికల్ బోర్డు ముందు ఈ మాట వినడం కన్నా ఇది నయం.

పౌర విమానాల సంగతి వేరు. కళ్లజోడు పెట్టుకున్నాక చూపు సరిగా ఉంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి అడ్డు లేదు. రంగులు గుర్తుపట్టే పరీక్ష మాత్రం నెగ్గాలి. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2 మెడికల్, ఆ తర్వాత క్లాస్ 1 మెడికల్ చేయిస్తారు. ఈ రెండూ అయ్యాకే ఏ ఫ్లయింగ్ స్కూల్‌కైనా ఫీజు కట్టాలి. లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి, 18 ఏళ్లు నిండాలి. ఖర్చు 50 లక్షల పైమాటే. ఆ తర్వాత ఎయిర్‌బస్‌కో బోయింగ్‌కో విడిగా టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేయాలి, దానికి మళ్లీ డబ్బు. చేతిలో లైసెన్సు ఉండి ఉద్యోగం కోసం ఏళ్లు ఎదురుచూసినవాళ్లూ ఉన్నారు. మీ ఇంటికి ఉన్నది ఆ అరెకరమే అయితే, ఈ దారిలో మొదటి అడుగుగా దాన్ని అమ్మొద్దనే చెబుతాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది నోట్‌బుక్ సంగతి. ఫైటర్ జెట్ బొమ్మలు గోడకి అంటించుకునే పిల్లలు చాలామంది ఉంటారు. ప్రమాదం ఎందుకు జరిగిందో కూర్చుని రాసుకునే పిల్లలు తక్కువ. వాడికి ఎగరడం ఇష్టమా, లేక ఎగిరేది ఎందుకు పడిపోయిందో తెలుసుకోవడం ఇష్టమా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. దానికీ ఉద్యోగాలున్నాయి. ఆ సంగతి మన ఇళ్లలో ఎవరూ చెప్పరు.

బాబూ, ఇక్కడి నుంచి నీతో మాట్లాడతాను. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకి వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో, 17 వేల అడుగుల ఎత్తున కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి వెళ్లిపోయాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉంటే, కో-పైలట్ ఆ గాలి హోరులోనే విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు. వీడియోల్లో కథ ఇక్కడితో ముగుస్తుంది. దర్యాప్తు మాత్రం ఇక్కడే మొదలైంది. ఆ అద్దాన్ని ప్రయాణానికి 27 గంటల ముందే మార్చారు. బిగించిన 90 బోల్టుల్లో 84 సన్నవి, మిగతా ఆరు పొట్టివి. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు ఆ సన్నవాటికి. రాత్రి షిఫ్టులో పనిచేసిన మనిషి ఏ బోల్టు వాడాలో విడిభాగాల కేటలాగ్‌లో చూడకుండా, పాత బోల్టు పక్కన పెట్టి కంటితో పోల్చి కొత్తవి తీసుకున్నాడు. ఆ పాత బోల్టులు కూడా తప్పు సైజువే. ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదు.

ఈ కథలో నీకు ఏ భాగం నచ్చింది? కో-పైలట్ ధైర్యం నచ్చితే పైలట్ దారి గురించి మళ్లీ మాట్లాడుకుందాం. బోల్టుల భాగం నచ్చితే నీకు ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్, ఏరోస్పేస్ ఇంజినీరింగ్ దారులున్నాయి. మెయింటెనెన్స్ లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకం చేస్తేనే విమానం కదులుతుంది. దానికి డీజీసీఏ ఆమోదం ఉన్న సంస్థలోనే చేరాలి. ‘ఏవియేషన్ కోర్సు’ అని బోర్డు పెట్టి, ఆఖరికి గ్రౌండ్ స్టాఫ్ సర్టిఫికెట్ చేతిలో పెట్టే చోట్లు కూడా ఉన్నాయి. ఆమోద పత్రం చూపించమని నాన్నగారు అడగాలి. మొహమాటం వద్దు. ప్రమాద దర్యాప్తు చేసే ఏఏఐబీలోకి ఇంటర్ అయ్యాక నేరుగా వెళ్లే దారి లేదు. ఇంజినీరుగానో పైలట్‌గానో ఏళ్లు పనిచేసినవాళ్లే అక్కడికి చేరతారు.

డ్రోన్ల గురించి నువ్వు అన్నది సగం నిజం. 2020లో నగోర్నో-కరాబఖ్ యుద్ధంలో అజర్‌బైజాన్ వాడిన టర్కీ తయారీ డ్రోన్లు అర్మేనియా ట్యాంకుల్ని ఎలా వేటాడాయో అందరూ చూశారు. 2025 జూన్ 1న ఉక్రెయిన్ చిన్న డ్రోన్లను లారీల్లో దాచి రష్యా లోపలికి తీసుకెళ్లి, స్థావరాల్లో నిలిపి ఉన్న బాంబర్ విమానాలను తగలబెట్టింది. అయితే ఆ యుద్ధంలో రెండు పక్షాలూ ఎక్కువగా కొట్టుకుంటున్నది రేడియో సిగ్నల్ దగ్గర. డ్రోన్‌కి సిగ్నల్ అందకుండా ఒకరు జామింగ్ చేస్తే, ఇంకొకరు వెనకాల సన్నటి ఫైబర్ తీగ వదులుకుంటూ పోయే డ్రోన్ తెచ్చారు. అంటే ఇది ఎలక్ట్రానిక్స్ యుద్ధం. డ్రోన్ ఎగరేయడం కొద్ది రోజుల ట్రైనింగ్‌తో వస్తుంది, పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండినవాళ్లు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. దాన్నే కెరీర్ అనుకోవద్దు. జామింగ్‌ను తట్టుకునే రేడియో తయారుచేయడానికి మాత్రం ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) చదవాలి, గణితం గట్టిగా రావాలి. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ల్యాబ్ డీఎల్ఆర్ఎల్ చేసేది ఇలాంటి పనే. మీ ఊరికి అంత దూరం కాని మచిలీపట్నంలో ప్రభుత్వ సంస్థ బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) చీకట్లో చూసే నైట్ విజన్ పరికరాలు తయారుచేస్తుంది. యూనిఫాం కావాలంటే డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి వైమానిక దళం టెక్నికల్ బ్రాంచికి వెళ్లొచ్చు. అక్కడ కళ్లజోడుకి కొంత సడలింపు ఉంది.

పైలట్లతో పని ఉండదనే మాట మాత్రం తప్పు. 2022లో మన వైమానిక దళం వెపన్ సిస్టమ్స్ బ్రాంచి పెడుతున్నట్టు ప్రకటించింది. అందులో పైలట్ లేని విమానాలను నడిపేవాళ్లు, క్షిపణులు చూసేవాళ్లు, రెండు సీట్ల యుద్ధ విమానాల్లో ఆయుధాలు చూసుకునేవాళ్లు అందరూ ఉంటారు. పని రూపం మారుతోంది, మనిషి పోవడం లేదు.

అమ్మా, మీ భయం గురించి కూడా చెప్పాలి. అహ్మదాబాద్‌లో 260 మంది పోయారు. ఆ దృశ్యం చూసిన తల్లికి భయం వేయకపోతేనే వింత. ఆ ప్రమాదం మీద ఫోన్లో వచ్చే ప్రతి తీర్పునూ బాబు నమ్మకుండా చూడండి. ప్రపంచమంతా పాటించే నియమం ప్రకారం విమాన ప్రమాద దర్యాప్తు జరిపేది మళ్లీ అలాంటిది జరగకుండా చూడడానికే. ఎవరిది తప్పో తేల్చి శిక్షించడం దాని పని కాదు. 1977లో స్పెయిన్ దీవి టెనెరిఫేలో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయాక, కాక్‌పిట్‌లో చిన్నవాడు పెద్దవాడికి ఎదురు చెప్పడం ఎలాగో నేర్పే శిక్షణకి ఊపు వచ్చింది. కంట్రోలర్లు, పైలట్లు వాడే మాటలు కూడా కచ్చితం చేశారు. ఈ రోజు మనం ఎక్కే ప్రతి విమానంలో ఆ మార్పులు ఉన్నాయి.

ఇంకొకటి. బాబు ఒక చేత ప్రమాదాలు, ఇంకో చేత యుద్ధాలు పట్టుకుని ఏది ఎంచుకోవాలో తెలియక తికమక పడుతున్నాడేమో. ఆ రెండూ కలిసే చోటు ఒకటుంది. 2020 జనవరి 8న టెహ్రాన్‌లో బయల్దేరిన ఉక్రెయిన్ ప్రయాణికుల విమానాన్ని శత్రువుదనుకుని ఇరాన్ క్షిపణులతో కూల్చేసింది. 176 మంది చనిపోయారు. అంతకుముందు ఏడాది, 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బుద్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చింది. అది పెద్ద తప్పేనని వైమానిక దళాధిపతి తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆకాశంలో ఎగిరేది ఎవరిదో, యుద్ధం జరుగుతుంటే ఎవరిని ఎగరనివ్వాలో చూసుకునే మనుషులు రెండు వైపులా కావాలి. పౌర విమానాల వైపు ఆ పని చేసేది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్.

ఈ ఉద్యోగం గురించి నేను కావాలనే గట్టిగా చెబుతున్నాను. ఫిజిక్స్, గణితంతో బీఎస్సీ గానీ, ఇంజినీరింగ్ గానీ చదివితే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష రాయొచ్చు. వయసు 27 లోపు ఉండాలి. దీని చదువు కోసం ఎకరాలు అమ్మక్కర్లేదు, ఎంపికైతే ట్రైనింగ్ వాళ్లే ఇస్తారు. షిఫ్టులు ఉంటాయి, టెన్షన్ ఉంటుంది. రాత్రిళ్లు ఫోన్‌లో విమానాల దారులు చూస్తూ కూర్చునే పిల్లవాడికి ఇది సరిపోతుందని నా నమ్మకం.

ఈ వారం కంటి డాక్టర్‌కి చూపించి పవర్ ఎంతో, రంగుల పరీక్ష ఫలితం ఏమిటో కాగితం మీద రాయించుకోండి. బాబూ, నువ్వు నోట్‌బుక్‌లో బుద్గాంకి ఒక పేజీ తీసి, ఆ రోజు నేల మీద ఎవరెవరు ఏ క్షణంలో దాన్ని ఆపగలిగేవారో నీకు తోచింది రాయి. ఆ కాగితం, ఈ పేజీ రెండూ ఒకే కవర్లో పెట్టి నాకు పంపండి.