బీపీ మాత్ర వేసుకుంటే దగ్గా?

ప్రశ్న: మాది తిరుపతి. అమ్మ 2 నెలలుగా బీపీకి రామిప్రిల్ వేసుకుంటోంది. అప్పట్నుంచి ఒకటే పొడి దగ్గు, సిరప్‌కు లొంగట్లేదు. మాత్ర ఆపేయమంటారా?

జవాబు: మీ అంతట మీరు ఆపొద్దండీ, బీపీ పెరిగిపోతుంది. చాలావరకు ఇది ఆ మాత్ర పనే. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని ఒంట్లో విరగనివ్వవు, అది పేరుకుని గొంతులో గరగర పుట్టించి కఫం లేని దగ్గు తెప్పిస్తుంది, కొందరికి వారంలోనే, కొందరికి నెలలు గడిచాక. ఇక సిరప్ ఏం చేస్తుంది, పాపం! రాసిచ్చిన డాక్టరుకు చెబితే టెల్మిసార్టాన్ లాంటిదానికి మారుస్తారు. ఆ తర్వాత కూడా దగ్గు పోవడానికి సాధారణంగా 1 నుంచి 4 వారాలు పడుతుంది, టెన్షన్ పడకండి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం ఇంకో మాత్ర వేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి, రుయా ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాత్రల అట్ట వెంట ఉండాలి.