మైదా డబ్బా దూరంగా పెట్టుకో నాయనా

నాయనా,

మీ అత్తామామలు శనివారం కర్నూలుకు వస్తున్నారనీ, నువ్వే న్యోకీ (నీళ్ళలో ఉడకేసే ఇటలీ ఉండలు) చేసి పెడతానన్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పి ఒకటే టెన్షన్ పడింది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత గర్వంగా అనిపించింది. మీ చిన్నమామ తర్వాత అత్తగారికి వండి పెడతానన్న మగపిల్లోడివి మన ఇంట్లో నువ్వే. ఆ చిన్నమామ సంగతి గుర్తొచ్చే రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నా, పొడుగైందని చదవకుండా వదిలేయకు.

ఈ ఉండలు నేను అమెరికాలో మీ అక్క దగ్గరున్నప్పుడు నేర్చుకున్నా, పాస్తా తిని తిని విసుగొచ్చి. ఇటలీలో రికోటాతో చేస్తారు. చీజ్ తీశాక మిగిలిన నీళ్ళను మళ్ళీ కాచి తీసేది రికోటా. మనకు అంత లేదు, పాలు విరగ్గొట్టుకుంటే చాలు. లీటరున్నర ఫుల్ క్రీమ్ పాలు తీసుకో (టెట్రా ప్యాక్ పాలు వద్దు, సరిగ్గా విరగవు), పొంగు రాగానే మంట తగ్గించి, మూడు చెంచాల నిమ్మరసం కొంచెం కొంచెంగా పొయ్యి. నీళ్ళు వేరు కాగానే ఆపి, పల్చటి గుడ్డలో వడకట్టు.

ఇక్కడ ఆగు. మీ చిన్నమామ బోల్తా పడింది ఇక్కడే.

నువ్వప్పుడు చిన్నపిల్లోడివి, గుర్తుండదు. ప్రొద్దుటూరులో, కొత్తగా పెళ్ళయిన రోజులు, అత్తగారివాళ్ళు మొదటిసారి వస్తున్నారని పనీర్ కోఫ్తా చేస్తానని కూర్చున్నాడు. పాలు బాగానే విరిగాయి. బస్టాండుకు పోవాలన్న తొందరలో పది నిమిషాలకే గుడ్డ విప్పేశాడు. ముద్ద చేతికి అంటుకుంటే గుప్పెడు మైదా వేశాడు. ఇంకా అంటుకుంటోందని ఇంకో గుప్పెడు. "రేయ్, నీళ్ళు పిండరా, పిండి పొయ్యొద్దు" అని నేను పక్కనుంచి మొత్తుకుంటూనే ఉన్నా, వింటేగా! పైగా చపాతీ పిండిలాగా మర్దించాడు. తడి తగిలిన మైదాను ఎంత పిసికితే అంత సాగుతుంది, ఉడికాక రబ్బరవుతుంది. భోజనాల దగ్గర వాళ్ళ మామగారు చెంచాతో నొక్కితే ఉండ జారి పక్కాయన ఆకులో పడింది. ఆ మహాతల్లి అత్తగారు మాత్రం "బాగున్నాయి నాయనా" అంటూ నమిలి నమిలి మూడు తినింది. వాళ్ళు పడుకున్నాక వీడు మిద్దె మీదికి పోయి కూర్చున్నాడు. రసం అన్నం కలిపి తీసుకుపోతే కళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు పాపం. ఇప్పటికీ హోటల్లో పనీర్ అంటే మొహం తిప్పుకుంటాడు, నువ్వు అడిగి ఏడిపించకు.

కాబట్టి గంటసేపు వేలాడదియ్యి. తర్వాత పొడి గుడ్డ మీద పరిచి ఇంకో గుడ్డతో అద్దు. ఆ ఎండల్లో పొద్దంతా బయట పెట్టేవు, పులిసిపోతుంది, గంట కాగానే ఫ్రిజ్‌లో పెట్టు. శుక్రవారం రాత్రే చేసిపెట్టుకుంటే ఇంకా మంచిది. ఆ 250 గ్రాముల ముద్దకు ఒక గుడ్డు, అర కప్పు మైదా, కొంచెం తురిమిన చీజ్, ఉప్పు, మిరియాల పొడి. పిసక్కుండా వేళ్ళతో కలిపి, చిన్న ఉండ ఒకటి చేసి ముందు దాన్నే ఉడకేసి చూడు. విడిపోతే అప్పుడు ఇంకో చెంచా మైదా, అంతే, గుప్పెడు కాదు.

శనివారం మీ అత్తగారు గుడ్డు ముట్టదు కదా! గుడ్డు మానేసి రెండు చెంచాల బొంబాయి రవ్వ వేసి పావుగంట నాననియ్యి. ఉండలు కాస్త పెళుసుగా ఉంటాయి, ఉడకేసేముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. తురమడానికి అసలైన పార్మెజాన్ అనే ఇటలీ చీజ్ కూడా కొనొద్దు, దాన్ని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు. ఆమెకు తర్వాత తెలిస్తే నీ గతేమిటి? పచ్చ చుక్క ఉన్న ప్యాకెట్టే తెచ్చుకో.

ఉప్పు వేసిన నీళ్ళు మెల్లగా మరుగుతుండాలి, గుబగుబలాడితే ఉండలు చెదిరిపోతాయి. కొన్ని కొన్నిగా వెయ్యి, పైకి తేలాక ఒక నిమిషం ఉంచి చిల్లుల గరిటెతో తియ్యి. ఇటలీవాళ్ళు సేజ్ అనే ఘాటు వాసనాకు వెన్నలో వేయిస్తారు, నువ్వు వెల్లుల్లి, కరివేపాకు, ఎండుమిర్చి వేసుకో. పత్తికొండ టమోటాలు మీకు దగ్గరే కాబట్టి అవి మగ్గబెట్టిన గుజ్జయినా సరే. ఏదైనా ఉండలు నీళ్ళలో వేసేముందే సిద్ధంగా ఉండాలి.

ఇప్పుడు నేను అసలు భయపడేది చెప్తా. నీ కూతురికి రెండేళ్ళు. కాళ్ళ దగ్గర తిరుగుతుంటే మరిగే గిన్నె ఎత్తి వంచొద్దు, గిన్నె హ్యాండిల్ గోడవైపు తిప్పిపెట్టు. దానికి ఉండ ఉండగా నోట్లో పెట్టొద్దు, గుండ్రంగా జారుడుగా ఉండేది గొంతులో అడ్డం పడుతుంది. చిన్న ముక్కలుగా నలిపి, కూర్చోబెట్టి తినిపించు. మురిపెంగా మీ మామగారే ఒకటి అందిస్తాడు చూడు, మొహమాటపడకుండా ఆయనకు కూడా ముందే చెప్పెయ్యి.

గురువారం ఒకసారి కొంచెం పాలతో చేసి చూసుకుని, ఉండను మధ్యకు కోసి ఫొటో పెట్టు. మీ చిన్నమామకు నేను చూపిస్తాలే.

మీ పెద్దమ్మ