ఐపీఏ డబ్బా పక్కన హాట్ గన్

ఈ నెల ఉత్తరాల్లో నాలుగు ఒకే ద్రవం గురించి వచ్చాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ షాపులో దాన్ని ఐపీఏ అంటారు, ఆస్పత్రి స్పిరిట్లోనూ, ఇంటి శానిటైజర్లోనూ చాలాసార్లు ఇదే ఉంటుంది. నేను 29 ఏళ్లు బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో దాని మధ్యే తిరిగి, సేఫ్టీ ఆఫీసరుగా రిటైరయ్యాను. అందుకే ఈసారి మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టాను.

ప్రశ్న: సార్, నేను సెల్ రిపేర్ షాపులో పని నేర్చుకుంటున్నాను. షాపు ఆరడుగులు ఇంటూ ఎనిమిది అడుగులు. నీళ్లలో పడ్డ ఫోన్లు వస్తే బోర్డు మీద ఐపీఏ పోసి, బ్రష్‌తో రుద్ది, హాట్ గన్‌తో ఆరబెడతాం. పోయిన వారం బోర్డు మీద భగ్గుమంది. మా ఓనర్ ఉఫ్‌మని ఊదేసి నవ్వాడు. సాయంత్రానికి రోజూ తలనొప్పి. ఇది మామూలేనా? — ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మామూలు కాదు తమ్ముడూ. మీ ఓనర్ ఊదింది బోర్డు మీది మంటని. టేబుల్ కింద ఉన్నదాన్ని ఆయన చూడలేదు.

ఐపీఏ ఫ్లాష్ పాయింట్ దాదాపు 12 డిగ్రీలు. అంటే అంత చల్లగా ఉన్నా, నిప్పు దొరికితే అంటుకునేంత ఆవిరి దాని పైన తయారుగా ఉంటుంది. కిరోసిన్‌కైతే 35 దాటాలి. మీ ఊళ్లో డిసెంబరు తెల్లవారుజామున తప్ప 12కి ఎప్పుడు దిగుతుంది చెప్పు? మూత తీసిన ప్రతిసారీ నీ ముందు ఉన్నది పెట్రోల్ జాతి వస్తువే అనుకో.

ఇక ఆ ఆవిరి గాలికి రెట్టింపు బరువు. పైకి పోదు. టేబుల్ అంచు మీంచి నీళ్లలా జారి, నేల మీద పరుచుకుని, తక్కువ ఎత్తు ఎటుంటే అటు పోతుంది. నీ టేబుల్ కింద ఏముంది? ఎక్స్‌టెన్షన్ బాక్సు, దాంట్లో వదులుగా ఊగే ప్లగ్గు. అవునా?

ఇది నాకు పుస్తకం నేర్పింది కాదు. 1996లో, జీడిమెట్లలో ఒక చిన్న యూనిట్లో నైట్ షిఫ్ట్ కెమిస్టుని. రెండు దాటాక ఒక హెల్పర్ చేతిలోంచి అర బకెట్ ఐపీఏ ఒలికింది. 'వదిలెయ్, అదే ఆరిపోతుంది' అన్నాను. అన్నది నేనే, ఇంకెవరో కాదు. అక్కడికి పద్నాలుగు అడుగుల దూరంలో, రెండు మెట్లు కిందికి ఉన్న గదిలో టీ కాచుకునే కాయిల్ హీటర్ ఉంది. మాకు పేలుడేమీ వినపడలేదు. మెత్తగా 'ఫుప్' అని ఒక చప్పుడు, ఆ గది గుమ్మంలోంచి నీలంగా ఒక గీత నేల మీద పరిగెత్తుకుంటూ వచ్చి నా ప్యాంటు అంచు పట్టుకుంది. తడి గోనెసంచి నా మీద పడేసింది ఆ హెల్పరే. కుడి పిక్క మీద అరచెయ్యంత మచ్చ ఇప్పటికీ ఉంది. నిప్పు ఎక్కడో ఉంది, ద్రవం ఎక్కడో ఉంది, మధ్యలో ఉన్న దారి మాత్రం ఎవరికీ కనపడలేదు.

నీ షాపు లెక్క వేసి చూశాను. 100 ఎంఎల్ ఐపీఏ పూర్తిగా ఆవిరైతే సుమారు 32 లీటర్ల ఆవిరి. గాలిలో అది 2 శాతం ఉంటే చాలు, అంటుకుంటుంది. అంటే ఆ 100 ఎంఎల్, ఎనిమిది పెద్ద డ్రమ్ములు నిండేంత గాలిని మండే గాలిగా మార్చగలదు. నువ్వు మూత లేని గాజు సీసాలో పెట్టుకునే ఐపీఏ ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

హాట్ గన్ సంగతి వేరే చెప్పాలి. డిస్‌ప్లే మీద 350 అని ఉంటుంది, అది బయటికొచ్చే గాలి వేడి. లోపలి కాయిల్ అంతకంటే చాలా వేడి. ఐపీఏ ఆవిరికి 400 డిగ్రీల దగ్గర నిప్పురవ్వ కూడా అక్కర్లేదు, తనంతట తనే అంటుకుంటుంది. పిడిలోనే ఫ్యాన్ ఉన్న గన్ అయితే ఇంకా ప్రమాదం! చుట్టూ ఉన్న ఆవిరిని అదే లోపలికి పీల్చి, కాయిల్ మీదుగా పంపి, బోర్డు మీదికి వదులుతుంది.

తలనొప్పి కూడా ఈ ఆవిరి పనే అయ్యుండొచ్చు. ఎనిమిది గంటల పనికి సగటున 400 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకి 400 వంతులు) దాటకూడదని అమెరికాలో పనిచోట్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా హద్దు పెట్టింది. నీ షాపు ఎత్తు ఎనిమిది అడుగులనుకుంటే, షట్టరు దించి ఉన్నప్పుడు మూడు టీ చెంచాల ఐపీఏ ఆరితే ఆ అంకె వచ్చేస్తుంది. 'నాకు వాసనే రావట్లేదు' అనకు. ముక్కు కాసేపటికే అలవాటు పడిపోతుంది.

పని మానెయ్యమని చెప్పను, అది నీ బతుకుతెరువు. సీసా తీసేసి, నొక్కితే కాస్త పైకొచ్చే పంపు బాటిల్ కొనుక్కో. పెద్ద క్యాన్ షాపులో వద్దు. ముందు బ్యాటరీ పీకు, తర్వాతే ఐపీఏ. రుద్దిన బోర్డుని షాపు బయట నీడలో పది నిమిషాలు పెట్టి, అప్పుడు హాట్ గన్ తియ్. ఎక్స్‌టెన్షన్ బాక్సుని గోడకి, నడుమెత్తులో బిగించు. ఫ్యాన్ గాలి నీ వీపు మీంచి రోడ్డు వైపు పోవాలి. ఐపీఏ అయిన దూది మూత ఉన్న రేకు డబ్బాలో పడాలి. చేతులు పగులుతుంటే నైట్రైల్ గ్లౌజులు వాడు. మళ్లీ భగ్గుమంటే ఊదొద్దు, ఊదితే మండే చుక్కలు ఎగురుతాయి. స్టీలు పళ్లెం బోర్లించు. మంట అదుపు దాటితే మంటలార్పే పౌడర్ సిలిండర్. అది కొన్నారా అని మీ ఓనర్ని అడుగు, నేను అడిగానని చెప్పు.

ప్రశ్న: పాపకి రెండేళ్లు. జ్వరం వస్తే మా అత్తయ్య స్పిరిట్‌లో గుడ్డ ముంచి ఒళ్లంతా తుడుస్తారు. వెంటనే చల్లబడుతుంది. మా ఆయన్ని కూడా అలాగే పెంచానంటారు. నాకు భయంగా ఉంది. — ఒక తల్లి, తెనాలి

జవాబు: మీ భయమే కరెక్టు అమ్మా. ఈ రోజుతో ఆపేయండి.

చల్లబడటం నిజమే. స్పిరిట్ ఆరుతూ చర్మంలోని వేడిని లాక్కుపోతుంది. పాప వణుకుతుంది, ఆ వణుకుతో లోపల వేడి ఇంకా పెరుగుతుంది. అసలు ప్రమాదం అది కాదు. చిన్నపిల్లల చర్మం గుండా ఐసోప్రొపైల్ లోపలికి పోతుంది, మొహం దగ్గర లేచిన ఆవిరి ఊపిరితో పోతుంది. లోపల అది అసిటోన్‌గా మారుతుంది, అంటే గోళ్ల రంగు తుడిచే మందులో ఉండేది. ఇలా తుడిచిన పిల్లలు స్పృహ తప్పిన కేసులు డాక్టర్ల పత్రికల్లో దశాబ్దాల కిందటే వచ్చాయి. జ్వరంతో మగతగా ఉందా, స్పిరిట్‌తో మగతగా ఉందా అన్నది ఇంట్లో ఎవరికీ తెలియదు.

డాక్టరు బరువు చూసి చెప్పిన మోతాదులో పారాసిటమాల్, పల్చటి బట్టలు, తాగడానికి నీళ్లు చాలు. తుడవాలనుకుంటే గోరువెచ్చని నీళ్లే. ఇప్పటికే తుడిచి ఉండి, పాప లేపినా లేవకపోతే ఆస్పత్రికి పరిగెత్తండి, స్పిరిట్ సీసా కూడా పట్టుకెళ్లండి.

అత్తయ్యగారికి నా నమస్కారాలు. ఆవిడ కాలంలో మా అమ్మా ఇదే చేసేది.

ప్రశ్న: పరవాడ దగ్గర ఫార్మా యూనిట్లో ఆపరేటర్ని. డ్రమ్ములోంచి ఐపీఏ తీసేటప్పుడు ఎర్తింగ్ క్లిప్పు (ఛార్జిని భూమిలోకి పంపే తీగ క్లిప్పు) పెట్టబోతే మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి 'ఐపీఏకి స్టాటిక్ (రాపిడితో పుట్టే విద్యుత్ ఛార్జి) ఉండదు, అది టోల్యూన్‌కి' అంటాడు. నిజమేనా? — పేరు వద్దు, అనకాపల్లి జిల్లా

జవాబు: సగం నిజం. సగం నిజాలతో ఫ్యాక్టరీలో పెద్ద తలనొప్పి.

టోల్యూన్ ఇంకో ద్రావకం (సాల్వెంటు). అది కరెంటుని దాదాపుగా పోనివ్వదు, అందుకే ఛార్జి దాంట్లోనే పేరుకుంటుంది. ఐపీఏ పోనిస్తుంది. అయితే ఆ ఛార్జి భూమిలోకి పోవడానికి దారి ఉండాలి కదా? ప్లాస్టిక్ బకెట్‌లోకి పట్టినా, చెక్క ప్యాలెట్ మీద నిలబెట్టిన డ్రమ్ములోంచి తీసినా, రబ్బరు అడుగు బూట్లతో నువ్వు పట్టుకున్నా దారి మూసుకుపోయినట్టే. చేతికి చురుక్కుమని తెలిసేపాటి స్పార్క్ చాలు, ఐపీఏ ఆవిరి అంటుకోవడానికి.

క్లిప్పు పెట్టడంలో కూడా ఒక మోసం ఉంది. నా సర్వీసులో ఎన్నిసార్లు చూశానో. డ్రమ్ము నీలం రంగు పెయింటు మీద క్లిప్పు కరిచి ఉంటుంది, ఫొటోకి బాగుంటుంది, లోహాన్ని మాత్రం తాకదు. పళ్లు అరిగిపోయిన క్లిప్పయితే చెప్పనే అక్కర్లేదు. డ్రమ్ము అంచు దగ్గర పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద పెట్టు. డ్రమ్ముకి ఒకటి, పట్టే పాత్రకి ఒకటి, రెండూ ఒకే ఎర్తుకి పోవాలి. పైనుంచి దబదబా పోయకుండా పైపు అడుగుదాకా దించు. ప్లాస్టిక్ బకెట్లు సాల్వెంట్ ఏరియాలో అసలు ఉండకూడదు.

మీ జిల్లాలోనే 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది పోయారు. అక్కడిది ఐపీఏ కాదు, వేరే సాల్వెంటు. పై అంతస్తులో కారి, కింద ఉన్న ఎలక్ట్రికల్ ప్యానెల్ దగ్గరికి చేరిందని అప్పుడు అధికారులు చెప్పారు. మళ్లీ అదే కథ: కారింది ఒకచోట, అంటుకుంది ఇంకోచోట. మీ ఇన్‌ఛార్జితో వాదన పెట్టుకోవద్దు, 'సార్, క్లిప్పు పెట్టడానికి అర నిమిషం' అని పెట్టేయ్. కాదంటే సేఫ్టీ డిపార్ట్‌మెంటుకి రాతపూర్వకంగా ఇవ్వు.

ఒకటి మర్చిపోయాను. మీ యూనిట్ ఖాళీ డ్రమ్ములు ఊళ్లోకి వస్తుంటాయి, పెళ్లిళ్లకి నీళ్లు పట్టడానికి పైమూత కోయిస్తుంటారు. నిండు డ్రమ్ము కంటే ఆ ఖాళీ డ్రమ్మే చెడ్డది. లోపలంతా గాలీ ఆవిరీ కలిసి సిద్ధంగా ఉంటుంది, గ్యాస్ కట్టర్ తగలగానే మూత మనిషి మొహం మీదికి లేస్తుంది. మీ ఊళ్లో వెల్డింగ్ షాపు ఉంటే ఈ పేజీ చింపి ఇచ్చెయ్.

ప్రశ్న: 2020లో కొన్న 5 లీటర్ల శానిటైజర్ క్యాన్ ఇంకా సగం ఉంది. గ్యాస్ గట్టు తుడవొచ్చా? బాత్రూముకి బ్లీచింగ్‌తో కలిపి వాడొచ్చా? — ఒక గృహిణి, కాకినాడ

జవాబు: రెండూ వద్దు. గట్టు మీద తుడిచిన శానిటైజర్ పూర్తిగా ఆరకముందే లైటర్ నొక్కితే ఏమవుతుందో పైన చదివారు. నీళ్లు కలిసి ఉందని ధైర్యం వద్దు, 70 శాతం ఐపీఏ కూడా మన ఎండల్లో సులువుగా అంటుకుంటుంది. ఆ మంట పాలిపోయి ఉంటుంది, పట్టపగలు సరిగా కనపడదు కూడా.

బ్లీచింగ్ నీళ్లతో కలిస్తే రెండూ రసాయనచర్య జరిపి క్లోరోఫామ్ లాంటివి పుడతాయి. తలుపేసిన బాత్రూములో అది పీల్చడం దేనికి? బ్లీచింగ్ విడిగా వాడి, నీళ్లు కొట్టేయండి.

మిగిలినదాన్ని అద్దాలు, రిమోట్లు, స్విచ్ బోర్డు పైభాగం (మెయిన్ ఆపి) తుడవడానికి కొద్దికొద్దిగా వాడుకోండి. క్యాన్ వంటింట్లోంచి తీసేయండి, స్టోర్ రూములో నేల మీద మూత బిగించి పెట్టండి. మంచినీళ్ల సీసాలోకి మాత్రం పోయకండి. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. వాళ్లు తెలిసే తాగారు. మీ ఇంట్లో రాత్రి చీకట్లో ఫ్రిజ్ మీద సీసా తడుముకునేవాళ్లకి అది కూడా తెలియదు.